జ్వరం దిగినా పల్స్ చూడాల్సిందే

జ్వరంలో గుండె దడ ఎంత భయపెడుతుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. తిరుపతిలో కార్తీకం వానలు వెలిసి, మా బైరాగిపట్టెడ వీధుల్లో ఇంటికొకరు మంచం పట్టిన రోజులవి. నాకూ వచ్చింది. ఒళ్ళు నొప్పులు, కళ్ళ వెనక పోటు ఎలాగో ఓర్చుకున్నాను. కదలకుండా పడుకున్నా గుండె పరుగెత్తినట్టు కొట్టుకోవడం మాత్రం తట్టుకోలేకపోయాను. ఎడమవైపు తిరిగితే ఆ చప్పుడు దిండులోంచి చెవికి కొట్టేది. అమ్మ నా మణికట్టు పట్టుకుని "ఏం మే, ఇట్లా కొట్టుకుంటా ఉండాది?" అని బెదిరిపోయింది. థర్మామీటర్‌లో 103, ఆక్సీమీటర్‌లో పల్స్ నిమిషానికి 128. మా నాన్న గుండెపోటుతో పోయారు. ఇంట్లో అందరి ఆలోచనా అటే పోయింది.

ఆసుపత్రిలో వెంటనే ఈసీజీ తీశారు. డాక్టరమ్మ కాగితం చూసి, లయ సరిగ్గానే ఉంది, వేగమే ఎక్కువ అన్నారు. తర్వాత లెక్క వేసి చెప్పారు. ఒంటి వేడి 1 డిగ్రీ సెల్సియస్ పెరిగితే పల్స్ సుమారు 10 పెరుగుతుంది. 103 ఫారెన్‌హీట్ అంటే 39.4 సెల్సియస్, మామూలు 37 మీద దాదాపు రెండున్నర డిగ్రీలు ఎక్కువ. నాకు మామూలుగా 78 ఉంటుంది కాబట్టి జ్వరం లెక్కన 100, 105 దగ్గర ఆగాలి. "మిగతా ఇరవై పైచిలుకు ఎక్కడిదమ్మా? నీళ్ళు లోపల నిలుస్తున్నాయా? మూత్రం ఏ రంగులో వస్తోంది?" అని అడిగారు. ఏం తాగినా వాంతి అయిపోతోంది, మూత్రం ముదురు పసుపు. జవాబు అక్కడే దొరికింది.

ఒంటి వేడి పెరిగితే గుండెను నడిపించే కణాలే వేగం పెంచుతాయట. ఒంటికి ఆక్సిజన్ ఖర్చు ఎక్కువవుతుంది. వేడిని బయటికి పంపడానికి చర్మం కింద రక్తనాళాలు వెడల్పవుతాయి. దానికి తోడు చెమట, వాంతులు రక్తంలో నీటిని తగ్గించేస్తే, ఒక్కో దెబ్బకు గుండె పంపే రక్తం తగ్గుతుంది. ఆ లోటును అది ఎక్కువసార్లు కొట్టుకుని పూడుస్తుంది. భయపడితే ఒంట్లో ఊరే అడ్రినలిన్ అనే హార్మోన్ గుండెను ఇంకాస్త తోస్తుంది. నేను జబ్బు అనుకున్నది నా గుండె నాకోసం పడుతున్న కష్టమని విన్నప్పుడు కళ్ళు చెమర్చాయి. సెలైన్ ఎక్కి, పారాసిటమాల్ పనిచేశాక పల్స్ 96కి దిగింది. (టైఫాయిడ్ లాంటి కొన్ని జ్వరాల్లో ఒళ్ళు కాలిపోతున్నా పల్స్ అంతగా పెరగదట. అందుకని పల్స్ ఒక్కటే చూసి జ్వరం చిన్నదనుకోకూడదు.)

రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. జ్వరం దిగగానే ఇంటికి పోదామని మావాళ్ళు సంచి సర్దారు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. డెంగీలో అసలు జాగ్రత్త అప్పుడే కావాలట. వేడి తగ్గే సమయంలోనే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవచ్చు. అప్పుడు జ్వరం లేకుండానే పల్స్ పెరుగుతుంది, చేతులు చల్లబడతాయి, బీపీలో పై అంకె, కింది అంకె దగ్గరవుతాయి. ఆ రాత్రంతా నర్సు వచ్చి వేళ్ళు తాకి చూస్తూ, బీపీ రాసుకుంటూనే ఉంది. ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడిగేవాళ్ళే అందరూ. పల్స్ ఎంత అని కూడా అడగండి. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. నొప్పులకని ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, డెంగీలో రక్తస్రావం కావచ్చు.

ఇంటికొచ్చాక కూడా మిద్దె మెట్లెక్కితే దడ వచ్చేది. రాగిజావ, మజ్జిగ, ఓఆర్ఎస్ తాగుతూ, పొద్దున లేవకముందే పల్స్ లెక్కపెట్టుకునేదాన్ని. అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. 3,550 మెట్లు. పల్స్ పాత లెక్కకు వచ్చి, మిద్దె ఎక్కినా దడ రాకుండా ఉన్నాకే వెళ్ళమన్నారు డాక్టరమ్మ. సంక్రాంతి దాటాక వెళ్ళాను, గాలిగోపురం దాకా మెల్లగా, అక్కడక్కడ కూర్చుంటూ.