అమ్మమ్మ కొబ్బరి పీచు, మామయ్య గ్రిల్లు

హ్యూస్టన్‌లో మా పెరట్లో ఉన్న బొగ్గుల గ్రిల్లు మా అబ్బాయి సొత్తు. పదమూడేళ్లవాడు. హోంవర్కు పుస్తకం ఎక్కడ పెట్టాడో గుర్తుండదు కానీ, ఆ పోత ఇనుప జాలీకి నూనె ఎప్పుడు రాశాడో గుర్తుంటుంది. తెలుగు మాత్రం అంతంత మాత్రం. వేసవికి కావలి వెళ్తే మా అమ్మకూ వాడికీ మధ్య మాటలు "తిన్నావా నాయనా", "తిన్నాను అమ్మమ్మా" దగ్గరే ఆగిపోయేవి.

ఈసారి వాళ్ల నోళ్లు తెరిపించింది మా తమ్ముడి గ్రిల్లు. సరదాపడి కొన్నాడు, సరదా తీరాక మేడ మీద వదిలేశాడు. మాది సముద్రపు గాలి తగిలే ఊరు. ఉప్పుగాలికి జాలీ నిండా తుప్పు పట్టింది, అడుగున బూడిద తడిసి గడ్డకట్టింది.  బూడిద తడిస్తే తేమను పట్టుకుని ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. "మామయ్యా, బూడిద ఎందుకు తీయలేదు?" అని వాడు నిలదీస్తే, మా తమ్ముడు ఫోను వచ్చినట్టు నటిస్తూ మెట్లు దిగిపోయాడు.

అమ్మ జాలీని తిప్పి చూసి, "పెనం లాంటిదే కదా, బాగవుతుంది" అంది.

తీగల బ్రష్ వద్దన్నాడు మా వాడు. వాటి తీగలు ఊడి, జాలీకి అంటుకుని, మాంసంతో పాటు కడుపులోకి పోయిన కేసుల గురించి 2012లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం హెచ్చరించింది. ఇదంతా తెలుగులో చెప్పడం వాడివల్ల కాలేదు. ఒక తీగ పీకి చూపించి, గొంతు పట్టుకుని దగ్గాడు. అమ్మకు అర్థమైంది. కొబ్బరి పీచు, చింతపండు, బూడిద తెచ్చిపెట్టింది.

బూడిదను చూడగానే, "వద్దు అమ్మమ్మా, నూనె పొర పోతుంది" అన్నాడు. "పోవాలనే కదా తోమేది!" అంది అమ్మ. ఇద్దరి మాటా నిజమే. నూనె బాగా కాగితే అందులోని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, గట్టి పొరగా మారి ఇనుమును అంటిపెట్టుకుంటాయి. బూడిదలోని క్షారం ఆ పొరను మెత్తబరుస్తుంది. పొర బాగున్నప్పుడు బూడిదతో తోమితే నష్టం. చెడి, జిగటగా ఉన్నదాన్ని వదిలించాలంటే అదే కావాలి. చింతపండు పులుపు తుప్పును కరిగిస్తుంది, నానబెట్టి మరిచిపోతే ఇనుమునూ వదలదు. "చేపల పులుసు మట్టిచట్టిలో ఎందుకు కాస్తాననుకున్నావు?" అని అమ్మ వాడిని అడిగింది. అదంతా రుచి కోసమేనని ఇన్నాళ్లూ నేనూ అనుకున్నాను.

తెలుగు అబ్బుతుందని పండగకు పట్టుపంచె కట్టి పిల్లవాడిని వేదిక ఎక్కించడం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. అక్కడ వాడికి రానిదే వాడి చేత చేయిస్తాం, వచ్చినదేమిటో అడగం. మేడ మీద వాడి దగ్గర చెప్పవలసింది ఉంది, కాదనడానికి అమ్మమ్మ ఉంది. వాదనలో గెలవాలంటే మాటలు కావాలి. వాడు వెతుక్కున్నాడు, దొరకనివి నన్నడిగాడు.

కడిగిన జాలీని వెంటనే తుడిచి నిప్పుల మీద ఆరబెట్టారు. ఆలస్యమైతే తుప్పు మళ్లీ మొలుస్తుంది. కాలుతున్న జాలీ మీద చన్నీళ్లు పోస్తే పోత ఇనుము పగలవచ్చు. ఈ రెండింటిలో ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా నూనె దగ్గరే. పెనానికి రాసినట్టే, అమ్మ సగం ఉల్లిపాయను వేరుశనగ నూనెలో ముంచి ధారాళంగా రాసింది. వెనకాలే వాడు పాత గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. "తుడిచేయడానికా నేను రాసింది?" అని అమ్మకు కోపం వచ్చింది. నూనె మందంగా ఉంటే పూర్తిగా గట్టిపడక జిగురుగా మిగిలిపోతుంది. కంటికి కనిపించనంత పలచగా రాసి, మూత పెట్టి, 200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో గంటసేపు ఉంచాలి. చల్లారాక మరోసారి అదే పని. రెండోసారికి జాలీ నల్లగా నిగనిగలాడింది. అమ్మ ఏమీ అనలేదు కానీ, మర్నాడు దోసెల పెనాన్ని కూడా గుడ్డతో గట్టిగా తుడవడం చూశాను.

బొగ్గులు ఇస్త్రీ బండి అతను చెప్పిన చోట కొన్నాం. సర్కారు తుమ్మ బొగ్గు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల బీళ్లను కమ్మేసిన ఈ ముళ్లచెట్టు 19వ శతాబ్దంలో అమెరికా ఖండాల నుంచి మన దేశానికి వచ్చింది. టెక్సస్ దుకాణాల్లో మెస్కీట్ అని అమ్మే బొగ్గు దీని దగ్గరి బంధువుదే. మా వాడు పొగ వాసన పీల్చి, తెలిసినవాళ్లు ఎదురైనట్టు నవ్వాడు. చెట్టు సంగతి చెబితే అమ్మ, "ఈ కంప మీ ఊరి నుంచి వచ్చిందా? వెళ్లేటప్పుడు తీసుకుపో నాయనా" అంది.

వంజరం ముక్కలు కాల్చారు. నిమ్మరసం దింపాకే పిండాలని ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు. జాలీ వేడిగా ఉండగానే పీచుతో రుద్ది, మళ్లీ పలచగా నూనె రాశారు.

నెల్లూరు తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో వాడు వీడియోలో అమ్మమ్మను ముందు జాలీ సంగతే అడుగుతాడు. నూనె రాసి, పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టిందట. తమ్ముడు ఒక ఆదివారం స్నేహితులను పిలిచి జాలీ అడిగితే, "వాడిని అడిగి ఇస్తాను" అందట. హ్యూస్టన్‌లో అప్పుడు అర్ధరాత్రి. స్నేహితులకు బిర్యానీ తెప్పించవలసి వచ్చిందని తమ్ముడు ఇప్పటికీ నా మీద విసుక్కుంటాడు.