క్లాప్టన్ చేతిలో హెండ్రిక్స్ పాట

మా బరంపురంలో పెళ్ళిళ్ళకూ జాతరలకూ వాయించే మెలోడీ బృందాల్లో గిటారు పట్టినవాడికి ఇది నా పాట, అది పరాయి పాట అన్న పట్టింపు ఉండదు. ఒకే రాత్రి ఒక ఒడియా సినిమా పాట, దాని వెనకాలే ఇళయరాజా తెలుగు పాట, ఆపైన ఎవరో చీటీ రాసి పంపిన హిందీ పాట వాయించవలసిందే. రికార్డులో ఉన్నది ఉన్నట్టు వినిపిస్తే జనం సంతోషిస్తారు, నిర్వాహకులు మళ్ళీ పిలుస్తారు. అందువల్ల ఎరిక్ క్లాప్టన్ జిమీ హెండ్రిక్స్ పాటను వాయించగలడా, ఎడ్డీ వాన్ హేలెన్ కీత్ రిచర్డ్స్‌లా వాయించగలడా అని పేరుమోసిన గిటారిస్టుల గురించి రాక్ సంగీత అభిమానులు గంటల తరబడి వాదించుకుంటారని చెబితే మా ఊరి గిటారిస్టులు నవ్వుతారు. చెయ్యి తిరిగినవాడికి ఏ పాటైతేనేం అంటారు. నాకు మాత్రం ఆ ప్రశ్నలో పస ఉందనే అనిపిస్తుంది. కాకపోతే వాదించేవాళ్ళు కష్టమంతా వేగంలో ఉందనుకుంటారు. నా లెక్కలో వేగం ఒకరి నుంచి మరొకరికి సులువుగానే అబ్బుతుంది. నెమ్మదిగా వాయించినదీ, పాడేవాడికి తోడుగా వాయించినదీ అంత తేలిగ్గా అబ్బదు.

ఎడ్డీ వాయించే వాన్ హేలెన్ బృందం 1978లో విడుదల చేసిన మొదటి ఆల్బమ్‌లో ‘ఇరప్షన్’ అనే, రెండు నిమిషాలైనా నిండని గిటారు ముక్క ఉంది. కుడిచేతి వేళ్ళను కూడా గిటారు మెడ మీది ఫ్రెట్ల (అడ్డ కమ్ముల) మీదికి తెచ్చి, తీగను తట్టి స్వరం పలికించే పద్ధతి అంతకుముందూ ఉన్నదే అయినా, దానిని ఊరూవాడా ఎక్కించింది ఆ ముక్కే. అప్పట్లో అదెలా సాధ్యమైందో అంతుపట్టక గిటారిస్టులు తలలు పట్టుకున్నారు. ఇప్పుడు బడిపిల్లలు ఫోను ముందు కూర్చొని దానిని తడుముకోకుండా అప్పజెప్పేస్తున్నారు. కిటుకు తెలిసిన తర్వాత మిగిలేది సాధనే గదా. ఆ వాన్ హేలెన్ కూడా కుర్రతనంలో క్రీమ్ బృందంలోని క్లాప్టన్ లీడ్‌లను, అంటే గిటారు ముందుకొచ్చి వాయించే భాగాలను, పొల్లుపోకుండా వల్లించినవాడేనని స్వయంగా చెప్పుకున్నాడు. అంత వల్లించినా అతని వాయిద్యంలో నాకు క్లాప్టన్ ఎక్కడా వినిపించడు.

ఇక హెండ్రిక్స్ 1967 డిసెంబరులో విడుదల చేసిన ‘లిటిల్ వింగ్’ సంగతి చూద్దాం. అందులో హడావిడి ఏమీ లేదు, పాట మొత్తం రెండున్నర నిమిషాల లోపే. ఎడమచేతి వాటంవాడైన హెండ్రిక్స్ కుడిచేతివాళ్ళ కోసం చేసిన గిటారును తిరగేసి, తీగలను తన వాటానికి మార్చి కట్టి, తరచుగా అర్ధస్వరం తగ్గించి శ్రుతి చేసుకొని వాయించేవాడు. ఇవన్నీ ఎవరైనా చేసుకోవచ్చు. అసలు చిక్కు బొటనవేలి దగ్గర వస్తుంది. అతడు బొటనవేలిని గిటారు మెడ పైనుంచి ఇవతలికి తెచ్చి, అన్నింటికన్నా లావైన తీగను దానితోనే నొక్కిపెడతాడు. దాంతో మిగిలిన నాలుగు వేళ్ళకూ స్వేచ్ఛ చిక్కుతుంది. కార్డు (ఒకేసారి పలికే స్వరాల గుత్తి) పట్టి ఉండగానే దాని చుట్టూ చిన్నచిన్న పలుకులు అల్లుతూ పోతాడు. వింటున్నవాడికి బేస్, రిథమ్, లీడ్ ముగ్గురు వాయిస్తున్నట్టుంటుంది.

మెలోడీలో ఏళ్ళుగా వాయిస్తున్న మా బావ ఈ పాట మీద కూర్చోవడం నేను దగ్గరుండి చూశాను. మొదట మెలోడీ అలవాటు కొద్దీ బార్ కార్డు పట్టాడు, అంటే చూపుడువేలిని ఆరు తీగలకూ అడ్డంగా పరిచేశాడు. స్వరాలన్నీ సరిగ్గానే పలికాయి గాని ఆ వేలు అక్కడ ఇరుక్కుపోవడంతో అల్లికకు చోటు లేకపోయింది. తర్వాత బొటనవేలు పైకెత్తాడు. సాయంత్రానికి దాని కణుపు కందిపోయింది, లావు తీగ ఒకసారి పలికితే రెండుసార్లు బుస్సుమంది. “వేళ్ళకి అందీసిందిరా, ఈ బొటనేలుకే అందడం నేదు” అని గిటారు గోడకు ఆనించి టీకి లేచాడు. ఆ బొటనవేలి అలవాటు హెండ్రిక్స్ అందరిముందూ నిలబడి లీడ్ వాయించిన రోజుల్లో నేర్చుకున్నది కాదని నా నమ్మకం. పేరు రాకముందు, 1964, 65 ప్రాంతాల్లో, ఐస్లీ బ్రదర్స్ వెనకా లిటిల్ రిచర్డ్ వెనకా నిలబడి రిథమ్ వాయించిన మనిషి అతడు. పాడేవాడి గొంతుకు అడ్డం రాకుండా గొంతుల మధ్య సందుల్లోనే ఏదో ఒకటి పలికించుకోవడం అక్కడ అలవడి ఉండాలి.

క్లాప్టన్ ఈ పాటను వాయించాడు. 1970 సెప్టెంబరులో, హెండ్రిక్స్ చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, గిటారిస్టు డువేన్ ఆల్‌మన్‌ను పక్కన పెట్టుకొని రికార్డు చేశాడు. చేసి, హెండ్రిక్స్ పాటలోని సుప్రసిద్ధమైన గిటారు ప్రారంభాన్ని పూర్తిగా వదిలేశాడు. దాని స్థానంలో పెద్ద తలుపులు తెరుచుకుంటున్నట్టుగా ఒక గంభీరమైన ఎత్తుగడ పెట్టి పాటను నడిపించాడు. చేతగాక వదిలేశాడనేవాళ్ళు ఉంటారు. తెలిసి వదిలేశాడని నేనంటాను, ఎందుకంటే ఆ భాగాన్ని మక్కికి మక్కి దించితే వినేవాళ్ళ చెవి పాట మీద నిలవక పోలిక మీదికే పోతుంది. టెక్సస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ మాత్రం ఆ ప్రారంభంతోనే మొదలుపెట్టాడు. అతడు 1990లో మరణించాక, 1991లో వెలువడిన ఆ రికార్డింగులో గాత్రమే లేదు, దాదాపు ఏడు నిమిషాలూ గిటారే. వేళ్ళు చీల్చేంత లావు తీగలు కట్టుకునే మనిషి కాబట్టి ప్రతి స్వరమూ హెండ్రిక్స్ పలికించినదాని కన్నా బరువుగా దిగుతుంది. స్వరాల లెక్కన చూస్తే హెండ్రిక్స్‌కు అందరికన్నా దగ్గరగా వెళ్ళినవాడు ఇతడే. పాట సగానికి వచ్చేసరికి మాత్రం మనం వింటున్నది టెక్సస్ బ్లూసే.

త్యాగరాజ కృతిని ఫలానా విద్వాంసుడు వాయించగలడా అని మనలో ఎవరూ అడగరు, ఎలా వాయించాడనే అడుగుతారు. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఆ కృతులు వాయిస్తే, ఆ వాద్యం మీద గమకం పలుకుతుందా అన్న సందేహమే వచ్చింది గాని, ఆ కృతి అతనిది కాదు గదా అన్న సందేహం రాలేదు. 1847లో దేహం చాలించిన వాగ్గేయకారుడి రికార్డు మన దగ్గర లేదు, అందుచేత ఆయన పాడినట్టే పాడావా అని నిలదీసే వీలూ లేదు. రాక్‌లో కట్టినవాడే వాయించాడు, వాయించినది టేపు మీద నిలిచిపోయింది. వెనక వచ్చేవాడికి ఆ టేపు తలమీద కత్తిలా వేలాడుతూనే ఉంటుంది.

హెండ్రిక్స్‌కు ఆ భయం ఉన్నట్టు కనబడదు. బీటిల్స్ ‘సార్జంట్ పెప్పర్స్’ ఆల్బమ్ అధికారికంగా 1967 జూన్ 1న వస్తే, జూన్ 4న లండన్‌లోని సావిల్ థియేటర్‌లో, పాల్ మెకార్ట్‌నీ ఎదుట కూర్చొని ఉండగా, దాని తొలి పాటతోనే అతడు కచేరీ ఆరంభించాడు. బాబ్ డిలాన్ పాట ఒకదాన్ని తీసుకొని తన తీరున వాయిస్తే, డిలానే ఆ తర్వాత హెండ్రిక్స్ ధోరణిలో పాడడం మొదలుపెట్టాడు.

వాద్యమే ఒకటైతే తేడా ఎంత ఉంటుందన్న పరీక్ష కూడా జరిగింది. ఫ్లీట్‌వుడ్ మాక్ బృందాన్ని స్థాపించిన పీటర్ గ్రీన్ దగ్గర 1959లో తయారైన లెస్ పాల్ గిటారు ఒకటి ఉండేది. దాని పికప్‌లలో (తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగాలలో) ఒకదాని అయస్కాంతం తిరగబడి ఉండడం వల్ల రెండు పికప్‌లూ కలిపినప్పుడు ముక్కుతో పలికినట్టు ఒక విచిత్రమైన నాదం వస్తుంది. అతడు బృందాన్ని విడిచిపెట్టాక ఆ గిటారు మరో గిటారిస్టు గారీ మూర్ చేతికి వచ్చింది. 1995లో మూర్ ఒక ఆల్బమ్ మొత్తం గ్రీన్ వాయించిన పాటలే, ఆ గిటారు మీదే వాయించాడు. మామూలుగా ఉరకలు వేసే మూర్ అందులో ఎంతో ఒద్దికగా ఉంటాడు, ఆ భక్తికి ముచ్చటేస్తుంది. అయినా గ్రీన్ ఒక స్వరం పలికించి చెయ్యి తీసేసి ఊరుకునే చోట్ల మూర్ ఊరుకోలేడు, ఆ స్వరాన్ని ఒకసారి ఊపి గాని వదలడు. ఆ గిటారు ఇప్పుడు మెటాలికా అనే హెవీ మెటల్ బృందపు కర్క్ హామెట్ దగ్గర ఉంది, అక్కడ అది మెటాలికా గిటారులాగే మోగుతుంది.

చివరగా కీత్ రిచర్డ్స్. ఆరో తీగ తీసేసి, మిగిలిన అయిదింటినీ ఓపెన్ జి శ్రుతికి (వేలు పెట్టకుండా మీటినా జి కార్డు పలికేలా) పెట్టుకొని వాయిస్తాడన్నది అందరికీ తెలిసిన రహస్యమే. మా బావ కూడా ఒక పాత గిటారును అలాగే ఉంచుకున్నాడు. ఆ కార్డులు పట్టడానికి రెండు వేళ్ళు చాలు. దెబ్బ ఏ క్షణాన పడాలన్నదే చెప్పలేం, ఎందుకంటే అతని బృందం రోలింగ్ స్టోన్స్‌లో గిటారు డ్రమ్ము వెనక నడిచేది కాదు, 2021లో మరణించిన చార్లీ వాట్స్ డ్రమ్మే రిచర్డ్స్ గిటారును అనుసరించేది. 1974 చివర ఆ బృందపు రెండో గిటారిస్టు మిక్ టేలర్ వెళ్ళిపోయినప్పుడు ఆ రెండో గిటారు స్థానం కోసం రాటర్‌డామ్‌లో ఎందరో వాయించి చూశారు, వారిలో జెఫ్ బెక్ ఒకడు. ప్లెక్ట్రమ్ (తీగ మీటే బిళ్ళ) లేకుండా వట్టి వేళ్ళతో, వాల్యూమ్ మీటను తిప్పుతూ, గిటారు చేత పాడించగలిగిన మనిషి. బీటిల్స్ పాటను మాటల్లేకుండా వాయించి 2010లో గ్రామీ అందుకున్నాడు. అటువంటివాడు గంటల తరబడి రెండు మూడు కార్డుల దగ్గరే ఉండడం తన వల్ల కాదని కొద్ది రోజుల్లోనే వెనక్కి వెళ్ళిపోయాడు. 1975 అమెరికా పర్యటనతో ఆ చోటు రానీ వుడ్‌కు దక్కింది, నేటికీ అందులో అతడే ఉన్నాడు. 1960ల చివర జెఫ్ బెక్ గ్రూప్‌లో బెక్ లీడ్ వాయిస్తుంటే వెనక నిలబడి బేస్ గిటారు వాయించినవాడు ఈ వుడ్డే.