10 లక్షల వరుసలు ఎక్కించాకే బీ ప్లస్ ట్రీ అర్థమైంది

గేట్ కంప్యూటర్ సైన్స్‌కి చదువుతున్న మిత్రులకు,

నల్గొండ జిల్లా గ్రంథాలయంలో కూర్చుని డేటాబేస్‌లో వరుసల్ని త్వరగా వెతికే ఇండెక్సింగ్ చాప్టర్ మూడుసార్లు చదివాను. అయినా మాక్ టెస్టులో బీ ప్లస్ ట్రీ (కీలను, అంటే వెతికే విలువలను, పేజీల్లో క్రమంగా ఉంచే చెట్టు లాంటి ఇండెక్స్) లెక్క కనపడితే టెన్షనే. నా రూమ్మేట్‌ది దేవరకొండ. "లాప్‌టాప్‌ల పోస్ట్‌గ్రెస్ ఉంది గదరా, ఒకసారి డేటా ఎక్కించి చూడరాదు" అన్నాడు. పోస్ట్‌గ్రెస్ అంటే ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్.

10 లక్షల వరుసల ఫైలు తయారు చేసుకున్నాను. టేబుల్‌కి నాలుగు ఇండెక్స్‌లు ముందే పెట్టి, వరుసకో ఇన్సర్ట్ ఇచ్చాను. అన్నం తిని వచ్చినా నడుస్తూనే ఉంది. వరుస ఒక్కటే, పని మాత్రం ఐదు చోట్ల: టేబుల్‌లో ఒకసారి, ఒక్కో ఇండెక్స్ ట్రీలో ఒకసారి. కీలు క్రమంలో లేకపోతే ప్రతిసారీ ఎక్కడో ఉన్న పేజీని వెతకాలి, అది నిండి ఉంటే రెండుగా విడగొట్టాలి. పైగా ప్రతి ఇన్సర్ట్‌కూ ఒక కమిట్, అంటే ఆ మార్పును ఖాయం చేయడం.

ఇండెక్స్‌లు తీసేసి, ఫైలు మొత్తాన్ని ఒకేసారి తీసుకునే కాపీ కమాండ్‌తో ఎక్కించి, ఆ తర్వాత క్రియేట్ ఇండెక్స్ ఇచ్చాను. టీ తాగేలోపు అయిపోయింది. ఈ పద్ధతిలో కీలన్నీ ముందే సార్ట్ అవుతాయి, ట్రీ అట్టడుగు పేజీలైన లీఫ్‌ల నుంచి పైకి తయారవుతుంది.

పరీక్షకు పనికొచ్చేది ఇక్కడే ఉంది. లీఫ్‌లో మూడు కీలే పడతాయనుకోండి. 1 నుంచి 12 దాకా వరుసగా ఇన్సర్ట్ చేయండి. నాలుగోది రాగానే లీఫ్ రెండు, రెండుగా విడిపోతుంది. ఎడమవైపు మిగిలిన దాంట్లోకి మళ్లీ ఏ కీ రాదు. చివరికి ఆరు లీఫ్‌లు, అన్నింట్లో రెండేసి కీలు. అదే సార్ట్ చేసి నిండా నింపుకుంటూ పోతే నాలుగే. కాగితం మీద ఇది ఒక్కసారి గీస్తే కనిష్ఠ, గరిష్ఠ నోడ్ల లెక్కలు ఫార్ములా లేకుండానే వస్తాయి. అలాంటివి న్యూమరికల్ ప్రశ్నలుగా వస్తే నెగెటివ్ మార్కులు కూడా ఉండవు, వదలకండి.

నేను చేసిన తప్పు: ఒకే విలువను రెండోసారి రానివ్వని యూనిక్ ఇండెక్స్‌ని కూడా తీసేశాను. ఫైలులో డూప్లికేట్లు ఉన్నాయి, అడ్డు లేక అన్నీ లోపలికి వచ్చాయి. తర్వాత యూనిక్ ఇండెక్స్ ఇస్తే ఎర్రర్. వాటిని వెతికి తీయడానికి ఆ రాత్రంతా పట్టింది.

ఇప్పటికే కోట్ల వరుసలున్న టేబుల్‌కి వెయ్యి చేర్చాలంటే మాత్రం ఇండెక్స్‌లు తీయకండి, మళ్లీ కట్టడానికే ఎక్కువ సమయం పోతుంది. డేటా ఎక్కించాక, టేబుల్ గణాంకాలను తాజా చేసే అనలైజ్ కమాండ్ నడపండి. లేకపోతే క్వెరీని ఏ దారిలో నడపాలో తేల్చే ప్లానర్ పాత అంచనాలతోనే క్వెరీ ప్లాన్ వేస్తుంది.