గడ్డ కాదు, ఎముక

బుధవారం, రాత్రి పదిన్నర.

బరువు తగ్గడానికి కడుపును కత్తిరించి చిన్నది చేసే ఆపరేషన్ జరిగి నేటికి 143 రోజులు. ఉదయం తూకం యంత్రం 91.6 చూపించింది. నిన్నా అంతే, మొన్నా అంతే. పదహారు రోజులుగా ఆ అంకె రెండు మూడు వందల గ్రాములు అటూ ఇటూ ఊగి, మళ్ళీ అక్కడికే వచ్చి కూర్చుంటోంది. 118 కిలోల బరువుతో ఆపరేషన్ గదిలోకి వెళ్ళిన మనిషికి ఐదు నెలలైనా నిండకముందే ఇరవై ఆరు కిలోలు తగ్గడం చిన్న సంగతి కాదని నాకు తెలియక కాదు. కాని పొద్దున్నే పరగడుపున ఆ పలక మీద నిలబడినప్పుడు తగ్గిన ఇరవై ఆరు కిలోలు గుర్తుకు రావు, తగ్గనని మొరాయిస్తున్న ఆ మూడు వందల గ్రాములే కళ్ళ ముందు నిలుస్తాయి. వారానికి ఒక్కసారి మాత్రమే తూచుకోమని డైటీషియన్ చెప్పారు. నేను రోజూ తూచుకుంటున్నాను. ఆ మాట ఆవిడకు ఇంతవరకు చెప్పలేదు.

ఆపరేషన్ అయిన మూడో వారంలోనూ బరువు ఇలాగే ఆగిపోయింది. పలచటి ద్రవాలు తప్ప వేరేమీ లోపలికి వెళ్ళని ఆ రోజుల్లో ముల్లు కదలకపోయేసరికి, ఇంత కోత పెట్టించుకున్నదీ వృథా అయిందేమోనని ఏడ్చాను. శరీరం ముందుగా కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకున్న చక్కెర నిల్వ అయిన గ్లైకోజెన్‌ను ఖర్చు చేస్తుందని, ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుందని, అందువల్ల మొదటి రెండు వారాల్లో దిగిన బరువులో నీళ్ళ వాటా ఎక్కువని, ఆ తరువాత శరీరం కొంత నీటిని తిరిగి నిలుపుకొనేటప్పుడు లోపల కొవ్వు కరుగుతున్నా బయటికి అంకె మారదని డాక్టరుగారు ఓపికగా వివరించారు. ఇప్పటి ఆగుదల వేరు. ఇరవై ఆరు కిలోలు తేలికైన మనిషికి అదే మెట్లు ఎక్కడానికీ, అదే దూరం నడవడానికీ మునుపటంత శక్తి ఖర్చు అవదు కాబట్టి, లెక్క మళ్ళీ కుదురుకొనేవరకు ఆగవలసిందే. తెలిసిన విషయం తెలిసినట్టే ఉంటుంది, బెంగ బెంగలాగే ఉంటుంది.

ఆ బెంగతోనే స్నానానికి వెళ్ళాను. సబ్బు రుద్దుకుంటుండగా రెండు రొమ్ముల మధ్య, కాస్త కిందుగా, పక్కటెముకలు రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే చోట, వేలికి గట్టిగా ఏదో తగిలింది. చింతగింజ కన్నా కొంచెం పెద్దది. నొక్కితే పెద్దగా కదలలేదు, గట్టిగా నొక్కితే సన్నగా నొప్పి పుట్టింది. నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నా చేయి మాత్రం అక్కడే ఆగిపోయింది. మనసు చెడ్డది, ఒక్క నిమిషంలో ఎక్కడెక్కడికో పోయి వచ్చింది. కడుపును కత్తిరించి వేసిన స్టేపుల్ పిన్నుల వరుస బయటికి పొడుచుకు వచ్చిందేమో అనుకున్నాను. అంత లోపల ఉండేది వేలికి ఎలా తగులుతుందని నాకు నేనే సర్దిచెప్పుకునేలోపు, రొమ్ము దగ్గర గడ్డ అనగానే ఏ ఆడమనిషికైనా ముందుగా తోచే భయమే నాకూ తోచింది. ఆయనకు చెప్పలేదు. పిల్ల బడికి వెళ్ళే హడావిడిలో ఉంది. తల తుడుచుకుంటూ, బట్టలు వేసుకుంటూ, బస్సులో కూర్చునీ, పర్సు సర్దుకుంటున్న వంకతో చేయి అక్కడికే పోనిస్తూ, అది ఉందో లేదో చూసుకుంటూనే ఉన్నాను. ఉంది.

పది గంటలకు ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి ఆసుపత్రికి ఫోన్ చేశాను. మా బోటివాళ్ళ ఫోన్లకు జవాబు చెప్పే నర్సు విషయమంతా విని, ఏమాత్రం కంగారు లేకుండా రెండు ప్రశ్నలు వేసింది.

"సరిగ్గా మధ్యలోనే ఉందా మేడమ్, లేక ఏదో ఒక పక్కకు ఉందా?"

మధ్యలోనే ఉందన్నాను.

"దాని మీద నుంచి వేలు పైకి జరుపుకుంటూ పోతే ఛాతీ ఎముకలోకి కలిసిపోతున్నట్టు ఉందా?"

మెట్ల మీద జనం తిరుగుతుండగానే గోడ వైపు తిరిగి జరిపి చూశాను. కలిసిపోతూనే ఉంది.

"అయితే అది మీ ఎముకే మేడమ్. ఛాతీ ఎముక కొసన అందరికీ ఉంటుంది. ఇన్నాళ్ళూ కొవ్వు కింద ఉండిపోయి మీ చేతికి తగల్లేదు. బరువు తగ్గినవాళ్ళు చాలామంది ఇలాగే భయపడి ఫోన్ చేస్తారు. శనివారం చెకప్‌కి వస్తున్నారు కదా, డాక్టరుగారు చేత్తో చూసి చెబుతారు. ఈలోగా పదే పదే నొక్కకండి, నొక్కితే ఎవరికైనా నొప్పి పుడుతుంది."

దాన్ని జిఫాయిడ్ అంటారట. నలభై మూడేళ్ళుగా నా ఒంట్లో ఉన్న ఎముకను నేను ఇవాళ మొదటిసారి తాకి, దొంగను చూసినట్టు జడుసుకున్నాను. సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆలోచిస్తే ఈ ఐదు నెలల్లో ఒంట్లో బయటపడినవి ఇదొక్కటే కాదు. మెడ కింద ఎముకలు కనిపిస్తున్నాయి, మణికట్టు దగ్గర గుండ్రటి బుడిపె తేలింది. అన్నిటికన్నా ఇబ్బంది పెడుతున్నది వెన్నెముక చివరి ఎముక. చెక్క కుర్చీలో అరగంట కూర్చుంటే చాలు, కింద మెత్తగా ఆదుకునేది కరిగిపోయింది కాబట్టి ఆ ఎముక నేరుగా చెక్కకు ఒరుసుకొని మండిపోతోంది. లావుగా ఉన్న రోజుల్లో కుర్చీ చేతుల మధ్య పడతానో పట్టనో అని చూసుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు శాలువా నాలుగు మడతలు వేసి దాని మీద కూర్చుంటున్నాను. కుర్చీతో నాకున్న పేచీ తీరలేదు, రూపం మార్చుకుంది, అంతే.

మందుల సంగతి పెద్దగా రాయవలసింది లేదు. ఐరన్ మాత్రకూ కాల్షియం మాత్రకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. బి12, మల్టీవిటమిన్ బతికినంతకాలం వేసుకోవలసినవే. వేగంగా బరువు తగ్గేవారికి పిత్తాశయంలో రాళ్ళు పడే ప్రమాదం ఉంది కనుక ఇచ్చిన మాత్ర మాత్రం ఆరు నెలలతో ముగుస్తుంది. రోజంతా ఫోనులో అలారాలు మోగుతూనే ఉంటాయి. పక్క సీటాయన వాటిని విని విని, ఇవాళ కాల్షియం అలారం మోగగానే నాకన్నా ముందు ఆయనే "అమ్మా, మాత్ర" అన్నారు.

జుట్టు గురించి మాత్రం రాయాలి. తల దువ్వుకున్న తరువాత దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకలను వేలికి చుట్టి ఉండ చేస్తే, మూడు వారాల క్రితం గోలీకాయంత ఉండేది ఇప్పుడు నిమ్మకాయకు దగ్గరపడుతోంది. శరీరానికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు చాలా వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్ళిపోయి, మూడు నాలుగు నెలల తరువాత అన్నీ కలిసి రాలతాయని, కుదుళ్ళు బతికే ఉంటాయి కనుక తిరిగి మొలుస్తాయని ముందే చెప్పారు. మాంసకృత్తులు రోజుకు 60 నుంచి 80 గ్రాములు తప్పకుండా తీసుకోమన్నారు. నేను చాలా రోజులు యాభై దగ్గరే ఆగిపోతున్నాను. అయినా బరువు తగ్గాలని కోరుకున్నది నేను, తగ్గవలసిన జాబితాలో జుట్టును చేర్చింది ఎవరో అర్థం కాదు.

మధ్యాహ్నం జరిగినది పూర్తిగా నా తప్పే.

భోజనానికి ఒక ఉడికించిన గుడ్డు, రెండు చెంచాల గట్టి పెరుగు తెచ్చుకున్నాను. చిన్న చెంచాతో బొటనవేలి గోరంత ముక్క తీసుకోవడం, నోట్లో అది పూర్తిగా మెత్తబడి నీళ్ళయ్యేవరకు నమలడం, మింగిన తరువాత చెంచా కింద పెట్టి ఒక నిమిషం ఆగడం నా పద్ధతి. గుడ్డు మొత్తం తినడానికి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట వరకు కూడా తాగకూడదు. కడుపు నిండినప్పుడు నాకు కడుపులో ఏమీ తెలియదు, ముక్కులో తెలుస్తుంది. ముక్కు వెంట నీరు కారి ఒక తుమ్ము వస్తుంది. చాలామందికి ఇలాంటి గుర్తు ఒకటి ఉంటుందట, కొందరికి వెక్కిళ్ళు, కొందరికి నిట్టూర్పు. నాకు తుమ్ము.

సగం గుడ్డు అయ్యేసరికి పై అధికారి ఫోన్ చేశారు. ఒక చేత్తో ఫోన్ పట్టుకొని, కావలసిన ఫైలు ఎక్కడుందో చెబుతూ, రెండో చేత్తో ముక్కలు నోట్లో వేసుకుంటున్నాను. తుమ్ము వచ్చింది. "ఒక్క నిమిషం సార్" అని తుమ్మి, మాటల్లో పడి ఇంకొక ముక్క మింగాను. నమిలానో లేదో గుర్తు లేదు. అది కిందికి వెళ్ళలేదు. ఛాతీ వెనుక మేకు దిగినట్టయింది, నోట్లో లాలాజలం చిక్కగా, జిగురుగా ఊరడం మొదలైంది. మింగుదామంటే కింద దారి లేదు. బాత్రూములోకి వెళ్ళి సింకు అంచు పట్టుకొని వంగి నిలబడ్డాను. వాంతి కాదు, గుడ్డు కూడా రాలేదు, తెల్లటి నురుగు మాత్రం తీగలు తీగలుగా వచ్చింది. నీళ్ళు తాగితే జారిపోతుందనిపిస్తుంది గాని తాగకూడదు, పైన నీళ్ళు నిలిచి బాధ రెట్టింపవుతుంది. మొదటి నెలలో ఒకసారి ఆ తప్పు చేశాను. చేతులు పైకెత్తి అటూ ఇటూ నడిచాను. ఇరవై నిమిషాలకు లోపల ఎవరో తలుపు గడియ తీసినట్టు అది జారింది. మొహం కడుక్కొని అద్దంలో చూసుకుంటే కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఉదయం ఏమీ చెప్పని ఎముకను పట్టుకొని గంటల తరబడి బెంబేలుపడిన దాన్ని, మధ్యాహ్నం స్పష్టంగా ఆగమని చెప్పిన తుమ్మును "ఒక్క నిమిషం సార్" అని పక్కన పెట్టేశాను.

నేను సీటులోకి తిరిగి వచ్చేసరికి, వ్యాయామశాలలో చేరి నెల రోజులైన ఒక సహోద్యోగిని నన్ను ఎగాదిగా చూసి, "మీకేమండీ, ఆపరేషన్‌తో సుఖంగా అయిపోయింది. మేమే చెమటలు కక్కుతూ చస్తున్నాం" అన్నారు. దురుద్దేశంతో అన్నమాట కాదు. బదులు చెప్పే ఓపిక లేక నవ్వి ఊరుకున్నాను. చెప్పాలంటే చాలా ఉంది. కడుపులో సుమారు నాలుగింట మూడు వంతులకు పైగా తీసివేసి, అరటికాయంత సన్నటి గొట్టాన్ని మిగిల్చారు. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే కనుక మొదటి మూడు నెలలు నిజంగానే ఆకలి అంటే ఏమిటో మరిచిపోయాను. ఆ సాయం చేసింది ఆపరేషనే, కాదనను. కాని జిహ్వచాపల్యం ఉండే చోటు కడుపు కాదు కాబట్టి దాన్ని ఏ సర్జనూ కత్తిరించలేరు. సాయంత్రం నాలుగైతే నా చేయి ఇప్పటికీ సొరుగులోకి పోతుంది. ఇదివరకు అక్కడ చిరుతిండి పొట్లాలు ఉండేవి, ఇప్పుడు స్టేప్లరు ఉంది. ఇవాళ కూడా చేయి దాన్నే తడిమి వెనక్కి వచ్చింది. లోపల ఒకటి, బయట ఒకటి, నా బతుకంతా స్టేపుళ్ళ మయమైందని నాలో నేను నవ్వుకున్నాను.

సాయంత్రం నలభై నిమిషాలు నడిచాను. ఆపరేషన్ జరిగిన రోజు సాయంత్రమే నర్సులు చెరొక పక్క పట్టుకొని వరండాలో నడిపించారు. కాళ్ళలో రక్తం గడ్డ కట్టకుండా ఉండాలంటే మంచం దిగక తప్పదన్నారు. పొట్ట మీద ఐదు చిన్న గాట్లే ఉన్నా, కెమెరా పెట్టడానికి లోపల నింపిన వాయువు వల్ల భుజం పీకిన పీకుడు ఇప్పటికీ మరిచిపోలేను. ఆ రోజు ఇరవై అడుగులకే ఆయాసపడ్డాను. ఇవాళ మధ్యలో ఒక్కసారి కూడా కూర్చోలేదు, నీళ్ళ సీసా మీద గీసుకున్న గీతల్లో ఆఖరిది కూడా ఇంటికి చేరేలోపు దాటింది. అంటే లీటరున్నర. గుక్క గుక్కగా, ఒక్కొక్క గుక్కకూ విరామమిస్తూ అంత తాగడానికి రోజంతా పడుతుంది. దాహం వేసినప్పుడు చెంబెడు నీళ్ళు గడగడ తాగే భాగ్యం మాత్రం నాకు మళ్ళీ ఎప్పుడు కలుగుతుందో.

రాత్రి భోజనాల దగ్గర ఎముక కథ చెప్పాను. గడ్డ అనుకున్నానని చెప్పినప్పుడు ఆయన మొహం ఒక్క క్షణం పాలిపోయింది, "నాకెందుకు చెప్పలేదు, ఒక్కదానివే ఎందుకు భయపడ్డావు" అని కోప్పడ్డారు. నర్సు అన్నమాట చెప్పాక తేరుకున్నారు. అమ్మాయి అప్పటికే తన ఛాతీ మీద వేలు పెట్టుకొని వెతుక్కుంటోంది.

"నాకూ ఉందమ్మా! ఇదిగో, ఇక్కడే, గట్టిగా తగులుతోంది. నాన్నా, నీకుందేమో చూసుకో."

ఆయన పళ్ళెం పక్కకు జరిపి, ఎడమచేత్తో చొక్కా మీద నుంచే తడిమి చూసుకున్నారు. దొరకలేదు. బొత్తాం విప్పి లోపలికి చేయి పోనిచ్చి, ఊపిరి బిగబట్టి పొట్టను లోపలికి లాక్కొని మళ్ళీ వెతికారు. మేమిద్దరం తినడం మానేసి ఆయననే చూస్తున్నాం.

"నాకు లేదే," అన్నారు చివరికి, కాస్త దిగులుగా.