మిత్రుడి మందను ఒప్పగించిన వైనం: నా అనుభవం

గుండ్లకమ్మ ఒడ్డున ఒక ఊళ్లో నలభై ఏళ్లు ఒంగోలు జాతి పశువులను పెంచిన నా బాల్యమిత్రుడు రెండేళ్ల కిందట కార్తీకంలో నిద్రలోనే పోయాడు. ‘ఆయన’ అని రాయడం మర్యాదే గాని, ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నవాణ్ణి అలా రాయబోతే కలం సాగదు. కాబట్టి ‘వాడు’ అనే రాస్తాను.

పెద్దకర్మ మర్నాడు వాడి భార్య నన్ను కొష్టం దగ్గరికి తీసుకువెళ్లి, “అన్నయ్యా, పొలం సంగతి పిల్లలు చూసుకుంటారు, ఈ పదకొండింటినీ మాత్రం సంతకు తోలనివ్వకు” అంది. బ్యాంకులో ముప్పయ్యేళ్లు పనిచేసిన నాకు పశువుల కంటే కాగితాలే బాగా తెలుసు. 21 రోజుల్లోపు చేయిస్తే రుసుము ఉండదు గనుక మరణం నమోదు కర్మకు ముందే ముగించాం. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం నాలుగైదుసార్లు తిరగవలసి వచ్చింది. అసలు చిక్కు ఆ తర్వాత, పశువుల చెవులకున్న పసుపు బిళ్లల మీది పన్నెండంకెల నంబర్లను సరిచూసి యజమాని పేరు మార్చే దగ్గర వచ్చింది. రెండు ఆవుల నంబర్లు రికార్డులో తారుమారై ఉన్నాయి; వాటిలో తల్లి ఏదో కూతురు ఏదో నేను తేల్చలేకపోయాను.

అప్పుడు చెల్లెమ్మ ఒక లెక్కల నోటుపుస్తకం తెచ్చి ఇచ్చింది. అందులో ఒక్కో ఆవుకు ఒక్కో పుట కేటాయించి, దాని తల్లి, కట్టించిన ఆంబోతు, ఈతల తేదీలు, పుట్టిన దూడ రంగు, మూపురం, గంగడోలు ఎలా ఉన్నాయో వాడు వరసగా రాసిపెట్టుకున్నాడు. బడిలో సాంఘికశాస్త్రం నోట్సు ఏనాడూ సొంతంగా రాయక, పరీక్షల ముందు నాదే ఎత్తి రాసుకున్నవాడు!

19వ శతాబ్దం నుంచి మన పశువులను తీసుకువెళ్లిన బ్రెజిల్‌ వాళ్లు, వాటిని నెల్లూరు పేరు మీద ‘నెలోర్’ అని పిలుచుకుంటూ, వంశావళిని రిజిస్టర్లలో ఎక్కిస్తూ మందలను వృద్ధి చేసుకున్న సంగతి వాడు చెప్పేటప్పుడు గొంతులో గర్వంతో పాటు కోపమూ వినిపించేది. “మనం ఒంటి మీది వెంట్రుకల సుడులు చూసి కొంటాం, వాళ్లు తల్లిదండ్రులను చూసి కొంటారు” అనేవాడు. ఆ మాట గుర్తుంచుకుని, జొన్నచొప్ప, నీళ్లు సమృద్ధిగా ఉండి, ఆవులకు జెర్సీ సూది (జెర్సీ ఆంబోతు వీర్యంతో చేసే కృత్రిమ గర్భధారణ) వేయించబోమని మాట ఇచ్చినవారికి ధర తగ్గించి ఇచ్చాం. ఆవుతో పాటు దాని పుటకు జిరాక్సు కూడా ఇచ్చాం. బండలాగుడుకు తర్ఫీదు పొందిన నాలుగుపళ్ల వయసు కోడెల జతలో ఒకదానికే ఎక్కువ ధర ఇస్తానన్న బేరగాణ్ణి పంపేసి, జత విడగొట్టని రైతు కోసం నెలన్నర ఆగాం. పెయ్యను కొన్న ఒకాయన మాత్రం ఆరు నెలలకే మాట తప్పి జెర్సీ సూది వేయించాడు. నాకు కోపం వచ్చిన మాట నిజమే, కానీ ఇంట్లో పాలకు కటకటలాడుతున్న మనిషిని నిలదీయడానికి నోరు రాలేదు.

ఆంబోతు విషయంలో ఎక్కువ తర్జనభర్జన జరిగింది. చనిపోయినవారి పేర అచ్చువేసి ఆంబోతును వదిలే పాత ఆచారాన్ని పురోహితుడు కర్మనాడే గుర్తుచేశాడు. ఊరందరి ఆవులకూ మేలుజాతి ఆంబోతు ఉచితంగా దొరికేది ఆ ఆచారం వల్లేనని వాడు వాదించేవాడు గాని, ఇవాళ పొలాల మీద పడితే ఊరుకునేవారెవరు? చివరికి, ఊరి ఆవులను డబ్బు తీసుకోకుండా కట్టించాలన్న ఒప్పందంతో పక్క ఊరి రైతుకు అప్పగించాం. ముసలి ఆవు ఒక్కటే చెల్లెమ్మ దగ్గర ఉంది.

ఆ ఆంబోతుకు అక్కడ పుట్టిన తొలి దూడ కబురు నాకు ఫోనులో వచ్చింది. నోటుపుస్తకంలో వాడి చివరి వరస కింద తేదీ, తల్లి పేరు, ఊరి పేరు రాశాను. చెల్లెమ్మ పుస్తకం అందుకుని చూసి, “దూడ రంగు రాయలేదేం, అన్నయ్యా?” అని అడిగింది. మళ్లీ ఫోను చేశాను.