తెలుగు అనువాదాన్ని వేరే ప్యాకేజీగా విడదీసిన నా అనుభవం

మేం కొన్ని స్కూళ్లకి డెబియన్ (ఒక రకం లినక్స్) మీద నడిచే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఇస్తున్నాం. తెలుగు, ఉర్దూ, హిందీ, కన్నడ అన్నీ ఒకే ప్యాకేజీలో (ఇన్‌స్టాల్ చేసే ఫైళ్ల కట్టలో) ఉండేవి. తెలుగులో ఒక్క దీర్ఘం సరిచేసినా ప్రోగ్రాం మొత్తం బిల్డ్ చేసి, నెట్ అంతంతమాత్రంగా వచ్చే ఊళ్లకి మొత్తం పంపాల్సి వచ్చేది. అందుకే భాషల్ని విడగొట్టాం.

ప్యాకేజీలు చేయడం తేలికే. ప్యాకేజీల వివరాలుండే కంట్రోల్ ఫైల్లో భాషకో ప్యాకేజీ రాసి, ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) దగ్గర 'ఆల్' అని పెట్టాలి, ఎందుకంటే ఇంటెల్ మెషీనైనా రాస్‌బెర్రీ పై అయినా ప్రోగ్రాం చదివే అనువాదాల ఎంఓ ఫైళ్లు అవే. ఏ ఫోల్డర్ ఎందులోకి వెళ్లాలో చెప్తే ప్యాకేజీలు కట్టడానికి వాడే డెబ్‌హెల్పర్ సర్దేస్తుంది.

టెన్షనంతా అప్‌గ్రేడ్ దగ్గర. పాత వెర్షన్ ఉన్న కంప్యూటర్లో కొత్త తెలుగు ప్యాకేజీ వేయబోతే, ఈ ఫైలు ఇప్పటికే ఇంకో ప్యాకేజీది అని ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ ఆగిపోతుంది. తెలుగు ప్యాకేజీలో 'బ్రేక్స్' (పాత వెర్షన్‌తో కలిసి ఉండదని), 'రీప్లేసెస్' (దాని ఫైళ్లని తీసుకోవచ్చని) రెండూ పెట్టి, విడదీయకముందున్న వెర్షన్లన్నిటికీ వర్తించేలా రాయాలి.

ఇంతా చేసి సోర్స్ (ప్యాకేజీలన్నీ తయారయ్యే మూలం) ఒకటే ఉంచితే లాభం సగమే. తెలుగు మారితే సోర్స్ వెర్షన్ మారుతుంది, దాంతో ప్రోగ్రాం ప్యాకేజీ కూడా కొత్తదైపోతుంది, ప్యాకేజీల్ని నెట్ నుంచి తెచ్చే ఆప్ట్ దాన్నీ దించుకుంటుంది. అందుకే అనువాదకులు రాసే పీఓ ఫైళ్లని వేరే సోర్స్ ప్యాకేజీ చేశాం. ఉబుంటు ఎప్పటినుంచో చేస్తున్నదీ దాదాపు ఇదే: మెయిన్ విభాగంలోని ప్యాకేజీల నుంచి అనువాదాలు తీసేసి, లాంగ్వేజ్ ప్యాక్‌ల ద్వారా ఇస్తుంది. ప్రోగ్రాం, అనువాదం వెర్షన్లు కాస్త అటూ ఇటూ అయినా భయం లేదు, అనువాదం దొరకని వాక్యాన్ని అనువాదాలు వెతికిపెట్టే గెట్‌టెక్స్ట్ ఇంగ్లీషులోనే చూపిస్తుంది. కానీ వాక్యం మధ్యలో పర్సెంట్ గుర్తుతో వచ్చే చోట్లు (పేరో సంఖ్యో వచ్చి చేరేవి) తేడా పడితే ప్రోగ్రామే కూలిపోవచ్చు, కాబట్టి పీఓని ఎంఓగా మార్చే ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ చేసే తనిఖీ దాటని ఫైలుని బిల్డ్‌లోకి రానివ్వం.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది, తెలుగు కావాల్సినవాళ్లకి ఆ ప్యాకేజీ అడక్కుండానే చేరడం. లైబ్రరీ చూసే టీచర్‌కి ప్యాకేజీ పేరు తెలియాల్సిన పనేంటి? ఫెడోరా అనే ఇంకో లినక్స్‌లో ఇది చక్కగా ఉంది, తెలుగు లాంగ్‌ప్యాక్ ఉన్న సిస్టంలో ఏదైనా ప్రోగ్రాం వేస్తే, 'సప్లిమెంట్స్' అని రాసి ఉన్న దాని తెలుగు భాగం తనంతట తనే వస్తుంది. డెబియన్‌లో 'ఎన్‌హాన్సెస్' (ఇది ఫలానా ప్యాకేజీకి అదనపు హంగు అని చెప్పేది) ఉంది గానీ ఆప్ట్ దాన్ని చూసి ఏదీ ఇన్‌స్టాల్ చేయదు. ప్రోగ్రాంతో పాటే మామూలుగా వచ్చేసేవి రాసే 'రికమెండ్స్'లో అన్ని భాషలూ రాస్తే విడదీసి ప్రయోజనమే లేదు. చివరికి స్కూళ్ల కోసం ఒక మెటా ప్యాకేజీ (వేరే ప్యాకేజీల్ని వెంట తెచ్చేది) చేసి, ప్రోగ్రాం, తెలుగు అనువాదం, తెలుగు ఫాంట్లు కలిపాం. తెలుగు లొకేల్ (సిస్టం భాష, ప్రాంతాల అమరిక) మాత్రం లొకేల్ సెట్టింగ్స్‌లో విడిగా తయారుచేయాలి, అది లేకపోతే ఎంఓ ఫైలు ఉన్నా తెర మీద ఇంగ్లీషే.

మెనూలో ప్రోగ్రాం పేరు చూపించే డెస్క్‌టాప్ ఫైల్లోని తెలుగు పేరుని కదపలేదు. అన్ని భాషల పేర్లూ ఆ ఒక్క ఫైల్లోనే ఉంటాయి, అది ప్రోగ్రాంతోనే ఉండాలి.