నాయన, ఉల్లి యార్డు, గొంతు

ఆదివారం. అమ్మ ఉగ్గాని చేసింది. నాయనకు మాత్రం వేరే గిన్నెలో, పచ్చిమిర్చి లేకుండా, బొరుగులు మెత్తగా నానబెట్టి. "కారం లేంది ఇదేం ఉగ్గాని?" అని గొణిగాడు. ఆ గొణుగుడు నాకు స్పష్టంగా వినపడింది, అదే సంతోషం.

గొంతు క్యాన్సర్‌కు ఇచ్చిన రేడియేషన్ అయిపోయి నెలలు గడిచినా నాయనకు నోట్లో ఉమ్మి సరిగా ఊరదు. మెడకు రేడియేషన్ ఇస్తే ఉమ్మి ఊరే గ్రంథులూ దెబ్బతింటాయి. అందుకే ముద్ద ముద్దకూ గుక్కెడు నీళ్లు. బాత్రూంకి పోయినా చేతిలో బాటిలే!

కర్నూలు ఉల్లిగడ్డల యార్డులో వేలం పాట పాడే మనిషికి గొంతు బొంగురుపోతే ఎవరికి అనుమానం వస్తుంది? ఏటా సీజన్లో పోయేదే. మొదట చూసిన డాక్టరు దగ్గు మందు రాశాడు. చెవి నొప్పి అంటే చెవిలో చుక్కలు. గొంతులో గడ్డ ఉన్నా నొప్పి చెవిలో తెలుస్తుందట, నరాలు అలా కలిసుంటాయి. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర గొంతులోకి కెమెరా వేయించుకోవాలి. ఈ మాట కనపడిన ప్రతి హమాలీకీ చెప్తున్నా. నన్ను చూడగానే బీడీలు దాచేస్తున్నారు.

గొంతులోంచి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షలో, మాట పుట్టే స్వరపేటికకు క్యాన్సర్ అని తేలింది. మరీ ముదరలేదు కాబట్టి పేటిక తీసేయకుండా రేడియేషన్, కీమో కలిపి ఇచ్చారు. వారానికి ఐదు రోజులు, ఏడు వారాలు. ముఖం మీద అచ్చు పోసిన జల్లెడలాంటి మాస్కు పెట్టి బల్లకు బిగిస్తారు. చివరి వారాల్లో గొంతంతా పుండై ముక్కు గొట్టంతోనే పాలు, జావ. రేడియేషన్ ఆగాక కూడా కొన్నాళ్లు అంతే. అది మాకెవరూ ముందు చెప్పలేదు.

మధ్యాహ్నం పక్కింటి అత్త వచ్చి, "మీ నాయనకు గ్లాసు వేరే పెట్టినారా?" అని మెల్లగా అడిగింది. అంటుకునే జబ్బు కాదత్తా అన్నా. నమ్మినట్టు లేదు, కాఫీ సగం తాగి వెళ్లిపోయింది.

సాయంత్రం మింగే ఎక్సర్‌సైజులు చేయించా. స్పీచ్ థెరపీ మేడమ్ అరవొద్దంది, గుసగుసలూ వద్దంది, అవి కూడా గొంతుకు భారమేనట. ఇక వేలం పాడనని, యార్డులో చీటీలు రాస్తానని నాయన తేల్చేశాడు. ఆ బీడీ పొగలో కూర్చుంటాడని అమ్మకు టెన్షన్. రేపు థైరాయిడ్ టెస్టుకు పోవాలి, మెడ రేడియేషన్ తర్వాత అది మందగించొచ్చట. అక్కడ డాక్టరుతోనే చెప్పించాలని అమ్మ ప్లాను.